తెరచిన పుస్తకం

ఉద్యోగ విరమణ సభలకు మనమందరం ఎన్నిసార్లు వెళ్లి ఉంటామో లెక్క లేదు గాని, ఆ సభల్లో దొర్లే మాటలను మాత్రం వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. పూలదండ, శాలువా, గోడ గడియారం అయిపోయాక మైకు దగ్గరకు వచ్చిన ప్రతి వక్తా "వారి జీవితం తెరచిన పుస్తకం" అంటాడు. ఆయన జీవితాన్ని ఈయన ఏనాడైనా తిరగేశాడా అని ఎవరూ అడగరు. 2008లో నాకు జరిగిన సభలో ముగ్గురు ఆ మాట అన్నారు. మూడోసారి విన్నప్పుడు నేను తల వంచుకున్నాను. వినయం అనుకున్నారు. వినయం కాదు. ఆ మాట చెవిన పడినప్పుడల్లా నా చేతులతో నేను మూసిన ఒక పుస్తకం గుర్తుకు వస్తుంది. ఆ సంగతి చెప్పే ముందు ఈ మాట గురించి, మన జిల్లాలో ప్రభుత్వ పుస్తకాలు నడిచిన తీరు గురించి కొంత చెప్పవలసి ఉంది.

ఇది ఇంగ్లీషువారి పలుకుబడి. వారు ఒక మనిషిని "ఓపెన్ బుక్" అంటే రెండు అర్థాలు వస్తాయి. ఒకటి, అతని దగ్గర దాపరికం లేదని. రెండవది, అతన్ని ఎవరైనా తేలికగా చదివేయగలరని. మొదటిది మెచ్చుకోలు. రెండవది అన్నివేళలా మెచ్చుకోలు కాదు. షేక్స్‌పియర్ మాక్‌బెత్ నాటకంలో భార్య భర్తతో, నీ ముఖం పుస్తకంలా ఉన్నది, మనసులో ఉన్నదంతా చూసినవాళ్లు చదివేస్తారు, జాగ్రత్తపడమని హెచ్చరిస్తుంది. అంటే నాలుగు వందల ఏళ్ల క్రితం ఆ దేశంలోనూ తెరచిన పుస్తకంలా ఉండటం ప్రమాదమని ఎరిగినవాళ్లు ఉన్నారన్నమాట. దీనికి జోడీగా "క్లోజ్డ్ బుక్" అనే మాట కూడా ఉంది. ఎంత తల బద్దలుకొట్టుకున్నా తనకు కొరుకుడుపడని విషయాన్ని వారు అలా అంటారు. నా మటుకు నాకు ఎక్కాలు దాటిన గణితమంతా అదే.

మన తెలుగులో దాపరికం లేని మనిషి అన్నాం, కడుపులో ఏదీ దాచుకోడు అన్నాం, కుండ బద్దలు కొట్టినట్టు మాట్లాడతాడు అన్నాం. పుస్తకంతో మాత్రం పోల్చలేదు. ఎందుకు పోల్చలేదా అని ఆలోచిస్తే నాకు తోచింది ఇది. మన పల్లెల్లో జనం ఎరిగిన పుస్తకం ఏనాడూ తెరచి ఉండేది కాదు. తాటాకు కట్ట అయితే రెండు చెక్కల మధ్య పెట్టి తాడుతో బిగించి కట్టేవారు. కరణంగారి కవిలెకట్ట ఆయన ఇంటి అటక మీద ఉండేది. కాగితాలు వచ్చిన తరువాత కూడా గుడ్డలో మూటకట్టి, దానికి దఫ్తరం అని పేరు పెట్టుకున్నాం. ఊరి భూములన్నీ ఆ మూటలో ఉండేవి. మూట ఒక్కడి ఇంట్లో ఉండేది.

మన జిల్లాలో లెక్కను అందరి ముందూ విప్పి చెప్పినవాడు ఎవరైనా ఉన్నాడా అంటే నాకు మొదట గుర్తుకు వచ్చేది ఒక రెవెన్యూ ఉద్యోగే. నేలకొండపల్లిలో పుట్టిన కంచెర్ల గోపన్న, మనందరి రామదాసు. అక్కన్న మాదన్నలకు మేనల్లుడు. గోల్కొండలో 1672 నుంచి 1687 వరకు ఏలిన అబుల్ హసన్ తానీషా కాలంలో పాల్వంచ పరగణాకు తహసీల్దారు. శిస్తు సొమ్ముతో భద్రాచలంలో గుడి కట్టించినందుకు గోల్కొండ కోటలో చెరసాల పాలైనాడు. ఆ చెరసాలలో పాడినదిగా చెప్పుకునే ఒక కీర్తనలో భరతుడికి, శత్రుఘ్నుడికి, లక్ష్మణుడికి, సీతమ్మకు ఎవరి నగకు ఎంత సొమ్ము పట్టిందో పద్దు పద్దుగా రాముడికే అప్పజెబుతాడు. భక్తులు అందులో ఆర్తిని వింటారు, నిష్ఠూరాన్ని వింటారు. గుమాస్తా చెవికి అది ఖర్చుల పట్టికలాగా కూడా వినిపిస్తుంది. రామలక్ష్మణులే వచ్చి ఆరు లక్షలు చెల్లించి తానీషా దగ్గర రశీదు తీసుకున్నారని కథ. దేవుడంతటివాడు కూడా రశీదు లేకుండా కదలలేదని మా పాత హెడ్ క్లర్కుగారు కొత్తగా చేరిన ప్రతి ఉద్యోగికీ చెప్పేవారు.

రామదాసు పద్దు పాటలో ఉంది కనుక చదువు రానివాడికి కూడా అందింది. తరువాత కాలపు ప్రభుత్వ పుస్తకాల సంగతి వేరు.

గోదావరికి ఈ ఒడ్డున ఒక పుస్తకం, ఆ ఒడ్డున ఇంకొక పుస్తకం నడిచిన ప్రాంతం మనది. పాల్వంచ, బూర్గంపాడు వైపు నిజాం ఇలాకా. భద్రాచలం, రేకపల్లి వైపు 1860లో నిజాం నుంచి బ్రిటిషువారికి వెళ్లింది. మొదట సెంట్రల్ ప్రావిన్సెస్‌లో కలిపారు, 1874లో మద్రాసు రాజధానిలోని గోదావరి జిల్లాకు మార్చారు. ఈ వైపు పట్వారీ, మాలీ పటేలు, పోలీసు పటేలు. ఆ వైపు కరణం, మునసబు. ఈ వైపు పహాణీ, ఆ వైపు అడంగలు. ఈ వైపు 1880వ దశకంలో ఫార్సీ పోయి ఉర్దూ వచ్చింది. ఆ వైపు పైస్థాయి ఉత్తరాలన్నీ ఇంగ్లీషులో నడిచాయి. రెండు వైపులా ఉమ్మడిగా ఉన్నది ఫసలీ సంవత్సరం ఒక్కటే. ఫసలీకి 590 కలిపితే ఇంగ్లీషు సంవత్సరం వస్తుందని మనం బట్టీ పట్టినది ఇప్పటికీ మరచిపోలేదు.

రెండు ఒడ్డుల మీదా పొలం దున్నేవాళ్లు మాత్రం ఒకరే, కోయలు, కొండరెడ్లు. కోయలు ఇంట్లో మాట్లాడుకునేది కోయభాష. అధికారితో మాట్లాడేది తెలుగు. వారి భూమి రాసి ఉన్నది ఉర్దూలోనో ఇంగ్లీషులోనో కరణంగారి గొలుసుకట్టు తెలుగులోనో. గొలుసుకట్టు రాతను చదువుకున్నవాళ్లే తడుముకుంటూ చదివేవారంటే ఇక చెప్పేదేముంది? ఆ పుస్తకాన్ని చింతచెట్టు కింద బల్ల వేసి తెరచి పెట్టినా వారికి అది మూసినదే.

1953లో ఖమ్మం జిల్లా వరంగల్ నుంచి విడిపడింది. 1959లో భద్రాచలం, నూగూరు తాలూకాలు తూర్పు గోదావరి నుంచి వచ్చి ఇందులో కలిశాయి. రెండు ఒడ్డుల పుస్తకాలూ ఒకే కలెక్టరేటు కిందికి వచ్చాయి. 1966లో తెలుగు అధికార భాషా చట్టం వచ్చింది. 1984లో పట్వారీ, కరణాల వ్యవస్థ రద్దయింది, 1985లో తాలూకాలు పోయి మండలాలు వచ్చాయి. 2014లో రాష్ట్రం రెండైనప్పుడు పోలవరం ముంపు పేరున చింతూరు, కూనవరం, వరరామచంద్రాపురం, కుక్కునూరు, వేలేరుపాడు మండలాలు ఆంధ్రప్రదేశ్‌కు వెళ్లాయి. భద్రాచలం పట్టణం ఇటు మిగిలింది, చుట్టుపక్కల పల్లెలు అటు పోయాయి. ఒక పల్లె రికార్డు నూట యాభై ఏళ్లలో నిజాం, సెంట్రల్ ప్రావిన్సెస్, మద్రాసు, ఆంధ్ర, ఖమ్మం తిరిగి మళ్లీ గోదావరి జిల్లాకు చేరిందంటే, పొలం కదలలేదు గాని పుస్తకం మాత్రం దేశాటన చేసిందనాలి.

చట్టాలకూ కొదవ లేదు. ఏజెన్సీ భూములు గిరిజనేతరుల చేతికి పోకుండా మద్రాసు ప్రభుత్వం 1917లోనే ఒక చట్టం చేసింది. 1959 నాటి భూబదలాయింపు రెగ్యులేషన్‌ను 1963లో తెలంగాణ ప్రాంతానికి కూడా వర్తింపజేశారు. 1970లో దానిని సవరించారు. మనమందరం వన్ ఆఫ్ సెవెంటీ అని పిలుచుకునేది దానినే. షెడ్యూలు ప్రాంతంలో గిరిజనేతరుడి చేతిలో భూమి కనిపిస్తే అది గిరిజనుడి నుంచి వచ్చినదిగానే భావించాలి, కాదని రుజువు చేసుకునే బాధ్యత ఆ గిరిజనేతరుడిదే అన్నది అందులోని ముఖ్యమైన మాట. ఇంత పదునైన చట్టం దేశంలో అరుదు. అయితే ఆ చట్టం కింద అర్జీ పెట్టుకోవాలంటే తన పొలం మీద ఎవరి పేరు రాసి ఉందో ముందు దున్నేవాడికి తెలియాలి గదా.

ఇక నా సంగతి. 1977 ఎండాకాలం. అడవి అంచున ఉన్న ఒక తాలూకా కచేరీలో నేను ఎల్.డి.సి.ని. ఊరు పేరు చెప్పను. నా వయసు ఇరవై ఏడు, ఉద్యోగం ఇంకా క్రమబద్ధం కాలేదు. జమాబందీ దగ్గరపడి పహాణీలన్నీ కచేరీకి వచ్చి ఉన్నాయి. జమాబందీ అంటే పట్వారీలకు పరీక్ష, గుమాస్తాలకు జాగారం.

మధ్యాహ్నం వేళ ఒక కోయ పెద్దాయన వచ్చాడు. భుజాన సొరకాయ బుర్ర, చేతిలో ఒక వెదురు గొట్టం. గొట్టంలోంచి శిస్తు రశీదులు తీసి నా బల్ల మీద పరిచాడు. ఒక్కటీ చిరగలేదు.

"దొరా, నా చేను పుస్తకంలో ఎట్ట ఉన్నదో ఒక్కసారి చదివి చెప్పు" అన్నాడు.

నేను సర్వే నెంబరు చూసి పహాణీ తెరిచాను. పట్టాదారు కాలమ్‌లో ఆయన తండ్రి పేరే ఉంది. అనుభవదారు కాలమ్‌లో వేరొక పేరు ఉంది. మైదానం నుంచి వచ్చి అక్కడ అంగడి పెట్టుకున్న ఒక ఆసామిది. ఆ పేరు ఆ ఏడు రాసింది కాదు. వెనక పహాణీ తీసి చూశాను, అందులోనూ ఉంది. ఆసామి మనిషి ఒకడు వరండాలో బెంచీ మీద కూర్చుని మావైపే చూస్తున్నాడు. ఆ ఊరి పట్వారీ లోపల పెద్ద గుమాస్తాతో మాట్లాడుతున్నాడు.

వన్ ఆఫ్ సెవెంటీ నాకు తెలియదా అంటే తెలుసు. పరీక్షకు చదివాను. నకలుకు దరఖాస్తు పెట్టించవచ్చు, రెండు కాలమ్‌లూ చదివి చెప్పి అర్జీ పెట్టుకోమనవచ్చు. నేను పుస్తకం మూశాను.

"అంతా సరిగానే ఉంది తాతా. నీ పేరు మీదనే ఉంది. పో" అన్నాను.

చూపించకూడదని చెప్పి పంపినా సగం తప్పుతో పోయేది. ఆ మాట చెప్పుకోవడానికి అప్పట్లో సాకులు బోలెడు. ప్రభుత్వ రికార్డు, ఉద్యోగ నియమాలు, 1923 నాటి అధికార రహస్యాల చట్టం. ఆ చట్టం చేసింది గూఢచారుల కోసం, మనం దానిని పహాణీలకు కూడా కప్పాం. నేను ఆ సాకు కూడా చెప్పలేదు. సగం నిజం చదివి వినిపించాను. పెద్దాయన రశీదులు మళ్లీ గొట్టంలో పెట్టుకుని, నడుముకు కట్టుకున్న మూట విప్పి, అడ్డాకులో కట్టిన సారపప్పు నా బల్ల మీద పెట్టి దండం పెట్టి వెళ్లాడు. ఆ సారపప్పు అమ్మ పాయసంలో వేసింది.

ఆ మాటకు వస్తే మన పుస్తకాలను కూడా మనకు చూపించినవారు లేరు. సర్వీసు రిజిస్టరు ఏటా ఉద్యోగికి చూపించి సంతకం తీసుకోవాలన్నది నియమం. ముప్ఫై ఏళ్లలో ఎన్నిసార్లు చూశారో మీరే చెప్పండి. పెన్షను కాగితాలు పంపే వేళకు ఫలానా నెలల సర్వీసు ధ్రువీకరణ లేదని తెలిసి, ఆ పాత కచేరీకి బస్సెక్కి పరుగెత్తినవాళ్లు మన సంఘంలో తక్కువేమీ లేరు. ఇక రహస్య నివేదికలు సరేసరి. పైఅధికారి ఏం రాశాడో తెలియదు, పదోన్నతి ఎందుకు ఆగిందో తెలియదు. ప్రతి ఉద్యోగికీ తన నివేదికలోని ప్రతి వ్యాఖ్యనూ తెలియజేయాలని దేవ్ దత్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది 2008 మే నెలలో. నేను దిగిపోయిన ఏడాదే. నేను ముప్ఫై అయిదేళ్లు చేసి సీనియర్ అసిస్టెంటు దగ్గరే ఎందుకు ఆగిపోయానో ఆ నివేదికలకే తెలియాలి. మన సంగతే ఇట్లా ఉంటే, తన పేరు కూడా చదువుకోలేని మనిషి ఆ బల్ల ముందు నిలబడినప్పుడు ఎట్లా ఉండేదో ఆ రోజుల్లో నాకు తట్టలేదు.

ప్రభుత్వ కాగితం చూసే హక్కు జనానిది అన్నది కొత్త ఊహ కాదు. స్వీడన్ దేశంలో 1766లోనే అందుకు చట్టం చేశారు. మన సుప్రీంకోర్టు 1975లో రాజ్ నారాయణ్ కేసులో, ప్రభుత్వం చేసే ప్రతి పనినీ తెలుసుకునే హక్కు ప్రజలకు ఉందని అన్నది. నేను పహాణీ మూయడానికి రెండేళ్ల ముందు మాట అది. ఆ తీర్పు మా కచేరీ దాకా నడిచి రాలేదు. రాజస్థాన్‌లో మజ్దూర్ కిసాన్ శక్తి సంఘటన్ అనే కూలీల, రైతుల సంఘం 1994 నుంచి ఊరి నడుమ సభలు పెట్టి మస్టరు రోల్సు, బిల్లులు గట్టిగా చదివించింది. చనిపోయినవారి పేర్లు, కట్టని కట్టడాల పేర్లు బయటపడ్డాయి. అక్కడ రాజుకున్నదే చివరికి 2005 సమాచార హక్కు చట్టమైంది. ఆ ఏడు అక్టోబరు 12 నుంచి అమలు. ముప్ఫై రోజుల్లో జవాబు ఇవ్వాలి. మన రాష్ట్రంలో ఊరి స్థాయి కార్యాలయానికి రుసుము లేదు, మండలానికి 5 రూపాయలు, ఆ పైన 10 రూపాయలు. దరఖాస్తు ఆ ప్రాంతపు అధికార భాషలో ఇవ్వవచ్చు. రాయడం రానివాడు నోటితో అడిగితే దానిని కాగితం మీద పెట్టడానికి అధికారే సాయపడాలని ఆరవ సెక్షను చెబుతుంది. ఆ వాక్యం చదివినప్పుడు నాకు వెదురు గొట్టం గుర్తుకు వచ్చింది.

2006 ఫిబ్రవరిలో ఉపాధి హామీ పథకం మొదలైనప్పుడు తొలి విడత జిల్లాల్లో మన ఖమ్మం ఉంది. ఆ చట్టంలోని 17వ సెక్షను ప్రకారం పనులన్నిటికీ గ్రామసభ చేత సామాజిక తనిఖీ జరగవలసి ఉండేది. అలాంటి ఒక సభకు మండల కార్యాలయం నుంచి నన్ను పంపారు. చింతచెట్టు కింద పట్టాలు పరిచారు. చుట్టుపక్కల ఊళ్ల పిల్లలే, పదో తరగతి, ఇంటరు చదివినవాళ్లు, మస్టరు తీసి పేరు, పనిదినాలు, ఇచ్చిన సొమ్ము చదువుతున్నారు. మొదట జనం ఎవరి మాటల్లో వాళ్లు ఉన్నారు. ఒక పిల్లవాడు తెలుగులో చదివిన ప్రతి పేరునూ కోయలో తిరిగి చెప్పడం మొదలుపెట్టేసరికి సభ నిశ్శబ్దమైంది. ఒక ఆడమనిషి లేచి, "ఆరు రోజులు చేసిన, పన్నెండంటరేంది?" అన్నది. ఇంకొకామె లేచింది. ఆ సాయంత్రం నేను రాసుకున్న పేజీలు నా సర్వీసులో నేను రాసిన ఏ తనిఖీ నివేదిక కన్నా ఎక్కువ.

ఇంగ్లీషువారి పలుకుబడికి రెండు అర్థాలున్నాయన్నానే, దాపరికం లేకపోవడం ఒకటి, చదవడానికి వీలుగా ఉండటం ఒకటి. మన ప్రభుత్వాలు ఎప్పుడు పుస్తకం తెరిచినా మొదటి అర్థం దగ్గరే ఆగాయి. ఆ పిల్లవాడు ఆ రోజు రెండవదాన్ని తెచ్చాడు. ఇంకొక మెట్టు అటవీ హక్కుల చట్టం ఎక్కింది. 2006లో చేసి 2008 జనవరి నుంచి నియమాలతో అమలైన ఆ చట్టంలో హక్కుల పరిశీలన గ్రామసభ దగ్గరే మొదలవుతుంది. కాగితం లేనివాడి సాగుకు ఊరి పెద్దల నోటిమాటను రాసుకుని సాక్ష్యంగా తీసుకోవచ్చు. పుస్తకం మనిషిని చదవడమే గాని మనిషి మాట విని పుస్తకం రాయడం నేను నా ఉద్యోగం చివరి నెలల్లో చూశాను. ఆ చట్టం కింద ఎన్ని దరఖాస్తులు ఎందుకు తిరగ్గొట్టారన్నది వేరే వ్యాసం అవుతుంది, అది ఇక్కడ ఇమడదు.

ఆ చింతచెట్టు సభలోనే నేను పెద్దాయన ఊరి గురించి వాకబు చేశాను. పక్క పంచాయతీయే. ఆయన పోయి చాలా ఏళ్లయిందన్నారు. చేను?

"అది పత్తి చేను సారూ, వాళ్లది కాదు" అన్నారు.

దిగిపోయిన మరుసటి ఏడు, 2009లో, ఆ ఊరు వెళ్లాను. పెద్దాయన మనవడు ఏడో తరగతితో చదువు ఆపి కూలికి పోతున్నాడు. అతని చేత సమాచార హక్కు కింద దరఖాస్తు పెట్టించాను. రాసింది నేను, సంతకం అతనిది. 1970 నుంచి ఆ సర్వే నెంబరు పహాణీ నకళ్లు కావాలని. ఇరవై ఆరో రోజున వచ్చాయి. నేను నా గుమాస్తాగిరీలో ఏ నకలూ అంత త్వరగా ఇచ్చి ఎరగను.

కట్ట తీసుకుని వాళ్లింటికి వెళ్లాను. పెద్దాయన భార్య బతికే ఉంది, చూపు ఆనదు. నులక మంచం మీద కూర్చుని ఒక్కొక్క ఏడు చదివాను. సర్వే నెంబరు, విస్తీర్ణం, పట్టాదారు పేరు, అనుభవదారు పేరు, పంట. మనవడు కోయలో చెబుతున్నాడు. 1977 దగ్గరకు వచ్చేసరికి నా గొంతు పట్టేసింది. మంచినీళ్లు తాగి రెండు కాలమ్‌లూ చదివాను.

ముసలామె మనవడిని ఏదో అడిగింది. అతను నా వైపు తిరిగాడు.

"మా తాత అడగబోయిన రోజున గూడ ఈ పేరు ఉన్నదా సారూ అని అడుగుతున్నది."

ఉన్నది అన్నాను. ఆ రోజు పుస్తకం తెరచింది నేనే అని కూడా చెప్పాను. అతను ఆ రెండో మాట కోయలో చెప్పడానికి కొంచెం సేపు ఆలోచించాడు, తరువాత చెప్పాడు. ఆమె చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. ఆ పైన అర్జీ ఎక్కడ ఇవ్వాలని అడిగింది. భద్రాచలంలో అని చెప్పి, మరునాడు తెల్లవారుజాము బస్సుకు మేం ముగ్గురం బయలుదేరాం.